రాకాసి బల్లి కుడికాలు

నాకు తెలియదు అనే మాట ముప్పై ఎనిమిదేళ్ల వయసు దాకా నా నోటి నుంచి రాలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. అది మా ఊరి జబ్బు. హైదరాబాదులో దారి అడిగిన మనిషికి తెలియదని చెప్పడం మర్యాద కాదు. తెలిసినా తెలియకపోయినా చెయ్యెత్తి ఒక సందు చూపిస్తాం. ఆయన ఆ సందులో కాసేపు తిరిగి ఇంకొకరిని అడుగుతాడు. ఆ ఇంకొకరు ఇంకో సందు చూపిస్తారు. ఏదో ఒక పూటకు చేరుకుంటాడు. దానికి తోడు నేను అబిడ్స్ పోస్టాఫీసులో కౌంటరు గుమాస్తాను. మద్రాసు ఉత్తరం ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే "ఎల్లుండి" అంటాను. యుద్ధం రోజులు, రైలు ఎప్పుడొస్తుందో రైలు నడిపేవాడికే తెలియదు. అయినా ఎల్లుండి అనగానే ఎదుటి మనిషి మొహం విప్పారుతుంది. ఆ మొహం చూడటం నాకు ఇష్టం.

మా ఆవిడ విద్యావతికి ఈ అలవాటు బొత్తిగా గిట్టదు. "తెల్వకపోతె తెల్వదనుండ్రి, నోరేం అరగది" అంటుంది. ఆమె గన్‌ఫౌండ్రీలో ఒక చిన్న తెలుగు ఆడపిల్లల బడిలో టీచరు. మూడేళ్లు కమిటీ వాళ్ల చుట్టూ కాళ్లరిగేలా తిరిగి, వారానికి రెండు పీరియడ్లు సైన్సు చెప్పుకోవడానికి సంపాదించింది. ఆ పీరియడ్లకు ముందురోజు వంట చేస్తూ కూడా పాఠం గొణుక్కుంటూనే ఉంటుంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతుంది. నేను కిక్కురుమనకుండా తింటాను.

పందొమ్మిది వందల నలభై మూడులో ఆ పీరియడ్లకే ఎసరు వచ్చింది. ఎసరు పెట్టినాయన బడి కమిటీ కార్యదర్శి వెంకటనర్సయ్య గారు. సుల్తాన్ బజార్‌లో బట్టల దుకాణం ఆయనది. చెడ్డవాడు కాదు, బడికి బెంచీలు చేయించింది ఆయనే. కానీ ఆయన కంటికి లోకమంతా గుడ్డ తానే. కొలవాలి, కత్తిరించాలి, కుట్టాలి, అప్పుడే దానికో అర్థం.

"పంతులమ్మా, కప్ప కడుపుల ఏమున్నదో ఆడపిల్లలకెందుకు? జాకెట్ కుట్టుడు నేర్చుకుంటె పదిమందికి పనికొస్తది. ఆ రెండు పీరియడ్లు కుట్టుపనికి ఇద్దాం. మిషన్ నేను తెప్పిస్త" అన్నాడు ఒకనాడు బడికి వచ్చి.

విద్యావతి ఊరుకునే మనిషి కాదు. అరగంట వాదించింది. ఆయనా మొండివాడే. చివరికి ఒక మాట మీదికి వచ్చారు.

"బాగే ఆం తోటల నుమాయిష్ పెడ్తున్నరు. మన బడికి ఒక దుకాణం ఇచ్చిన్రు. గాడ మీ సైన్సు పెట్టుండ్రి. మన ఆడోళ్లు వచ్చి, నిలబడి విని, జరంత తలకెక్కించుకుంటె పీరియడ్లు ఉంటయి. లేకపోతె మిషన్ వస్తది. ఆఖరు దినం నేనే వచ్చి అడుగుత."

ఆ సాయంత్రం ఇంటికి రాగానే విద్యావతి చెప్పులు కూడా విప్పకుండా పెట్టె తెరిచి ఒక చిరిగిన ఇంగ్లీషు పుస్తకం తీసింది. అబిడ్స్‌లో పాత కాగితాలు అమ్మేవాడి దగ్గర దొరికిందట. కోట్ల ఏళ్ల కింద భూమ్మీద తిరిగిన జంతువుల బొమ్మలున్నాయి అందులో. ఒక పేజీలో వెనక కాళ్ల మీద నిలబడి, నోరు తెరిచి, జానెడేసి పళ్లు చూపిస్తున్న ఒక భయంకరమైన ఆకారం.

"ఇదేంది?" అన్నాను.

"రాకాసి బల్లి. ఆకుల పాఠం చెప్తె పిల్లలు నిద్రపోతరు. దీని సంగతి చెప్పిన దినం ఒక్కతి కన్నార్పలె. నుమాయిష్‌ల దీన్నే నిలబెడ్త."

"ఇప్పుడు ఇవి ఎక్కడున్నయి?"

"ఎక్కడ లెవ్వు. అన్నీ సచ్చిపోయినయి."

"ఎందుకు?"

విద్యావతి పుస్తకం చివర చూపించింది. ఆ సంగతి రాసిన పేజీలు లేవు. పాత కాగితాలవాడు చింపి పల్లీల పొట్లాలు కట్టినట్టున్నాడు. కోట్ల ఏళ్ల రహస్యంలో అబిడ్స్‌లో ఎవరో పల్లీలు తిని పారేశారు.

ఆమె మద్రాసులో ఒక కాలేజీ ప్రొఫెసరుకు ఉత్తరం రాసింది. పాత ఎముకల సంగతులు తెలిసిన మనిషట. ఉత్తరం నేనే వేశాను. జవాబు ఎప్పుడొస్తుందని అడిగితే అలవాటుగా "ఎల్లుండి" అన్నాను. నెల తర్వాత వచ్చింది. కొందరు వాతావరణం చల్లబడిందంటారు, కొందరు చిత్తడి నేలలు ఎండి మేత పోయిందంటారు, కొందరు చిన్న జంతువులు గుడ్లు తినేశాయంటారు, కొందరు ఒళ్లు పెరిగి మెదడు పెరగలేదంటారు అని రాశాడాయన. ప్రతిదానికీ కొంత ఆధారం ఉంది, దేనికీ పూర్తిగా లేదు, ఇప్పటికైతే మాకు తెలియదు, మీ పిల్లలకు ఆ మాటే చెప్పండి, రేపు వాళ్లలో ఒకరు కనిపెట్టవచ్చు అని ముగించాడు. విద్యావతి ఆ ఉత్తరాన్ని దేవుడి పటం వెనక దాచింది.

"మరి వెంకటనర్సయ్య గారికి ఏం చెప్తవు? తెల్వదని చెప్పెతందుకు దుకాణం పెట్టిన్రా అంటడు" అన్నాను.

"తెల్వదనే చెప్త."

"నాలుగిట్ల ఒకటి చెప్పరాదు? ఆయనకేం తెలుస్తది?"

ఆమె నన్ను చూసిన చూపుకు నేను లేచి వాకిట్లోకి పోయాను.

బొమ్మ చేయడానికి నాంపల్లిలో గంపలు, తడకలు అల్లే రాజనర్సును పిలిచాం. యాభై ఏళ్ల మనిషి, వెదురు బద్ద ఆయన చేతిలో దారంలా వంగుతుంది. బొమ్మ చూసి మొహం చిట్లించాడు.

"అమ్మా, చేతులు గింతే ఉన్నయేంది? బొమ్మ గీసినోడు కల్లు తాగి గీసిండా?"

"లేదు నర్సూ, ఉన్నయే గంత."

"నోటికి చెయ్యి అందకపోతె బుక్క ఎట్ల తింటది? ఇగ సావకేం జేస్తది!"

చావుకు కారణాల లెక్కలో మద్రాసు ప్రొఫెసరుకు తట్టనిది మా రాజనర్సుకు తట్టింది. పది రోజులు మా వాకిట్లో వెదురు గూడు లేచింది. దాని మీద గోనె గుడ్డ, ఆ పైన పాత కాగితాలు, చింతగింజల జిగురు, ఆ పైన జాజు అనే ఎర్రమన్ను, మసి కలిపిన రంగు. వెదురు చెక్కి సున్నం పూసిన పళ్లు. కళ్ల కోసం మా ఇంటి రాగి చెంబుల మూతలు రెండు పోయాయి. తోకతో కలిపి పదిహేను అడుగులు వచ్చింది. అసలుది నలభై పైనేనట, ఇది దాని పసిబిడ్డ అనుకోవాలి.

తీరా చూస్తే రాజనర్సు చేతులు మాత్రం మోకాళ్ల దాకా పెట్టాడు. విద్యావతి నెత్తి కొట్టుకుంది.

"ఉన్నన్ని దినాలన్న కడుపునిండ తిననీ అమ్మా" అన్నాడు పాపం. ఆమె ఒప్పుకోలేదు. దగ్గర నిలబడి కోయించింది. ఆ ముక్కలు పారేయడానికి మనసొప్పక ఆయన ఇంటికి తీసుకుపోయి ఒక చాటకు అంచు కట్టుకున్నాడు.

తల ఒక తోపుడు బండి మీద, ఒళ్లు ఇంకో బండి మీద కట్టుకుని నాంపల్లి స్టేషను ముందు నుంచి బాగే ఆంకు బయల్దేరాం. ఒక ఝట్కా గుర్రం ఆ తలను చూసి ముందరి కాళ్లెత్తింది. ఝట్కావాడు ఉర్దూలో నా ఏడు తరాలనూ పేరుపేరునా పలకరించాడు. దారిపొడుగునా జనం ఏందిది, ఏమైంది, ఎట్లా చచ్చిందని అడగటమే. నేను ఒకరికి చలి అని, ఒకరికి వరద అని, ఒకరికి జ్వరం అని చెప్పుకుంటూ పోయాను. వెనక నుంచి విద్యావతి "తెల్వదనుండ్రి!" అని అరుస్తూనే ఉంది.

నుమాయిష్ మొదలైంది. మా స్టాలుకు ఒకవైపు అత్తరు దుకాణం, ఇంకోవైపు గాజుల దుకాణం. రెండింట్లోనూ ఇసుక వేస్తే రాలనంత జనం. మా దగ్గర ఈగ లేదు. బొమ్మ మరీ బాగా కుదిరింది, అదే దాని పాపం. పిల్లలు చూడగానే ఏడుపు లంకించుకునేవాళ్లు. ఆడవాళ్లు కొంగు అడ్డం పెట్టుకుని దాటిపోయేవాళ్లు. ఒక తల్లి మాత్రం తన కొడుకును తీసుకొచ్చి, "అన్నం తినకపోతె దీనికిచ్చేస్త" అని చూపించి తీసుకుపోయింది. రెండు రోజుల్లో మా దగ్గర నిలబడింది ఆమె ఒక్కతే.

విద్యావతి రోజూ ఉదయం ఉతికిన చీర కట్టుకుని, చేతిలో కర్ర పట్టుకుని, ఎవరూ లేని చోట పాఠం చెప్పడానికి సిద్ధంగా నిలబడేది. పక్కన ఆమె విద్యార్థిని వసుమతి. రెండోరోజు సాయంత్రం ఇంటికి వస్తూ విద్యావతి ఒక్క మాట మాట్లాడలేదు. వాదించే మనిషి మాట్లాడకపోతే ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు ఆ పూట తెలిసింది. నాకు చాలా కష్టమనిపించింది.

మూడోరోజు నేను సెలవు పెట్టి వెళ్లాను. మధ్యాహ్నం వాళ్లిద్దరూ సద్ది తినడానికి చెట్టు కిందికి పోయారు. స్టాలు దగ్గర నేనొక్కణ్ణే. అప్పుడొచ్చింది ఒక ముసలామె. డెబ్బై ఏళ్లుంటాయి. మంచి నేత చీర, చేతికి బంగారు గాజులు, కలిగినవాళ్ల మనిషే. కానీ చెంపలు లోపలికి పోయి, నడిస్తే తూలుతూ ఉంది. రాకాసి బల్లిని చూసి అందరిలా పారిపోలేదు. దగ్గరికి వచ్చింది.

"నాయనా, ఇది బల్లేనా?"

"ఔనమ్మా. రాకాసి బల్లి."

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. పదిహేను రోజుల కింద తులసికోటకు నీళ్లు పోసి లోపలికి వస్తుంటే దూలం మీది నుంచి బల్లి పడిందట. నడినెత్తి మీద. బల్లి ఎక్కడ పడితే ఏం ఫలమో పంచాంగంలో ఉంటుంది కదా, నెత్తి మీద పడితే చావేనట.

"మా గుడి అయ్యగారు నెల అన్నడు. జ్యోతిష్యుడు నలభై దినాలన్నడు. నా కొడుకేమో ఏం కాదు, నూరేండ్లుంటవన్నడు. కంచికి పోయి గుళ్లె బంగారు బల్లిని ముట్టుకుంటె దోషం పోతదని అందరికెర్కనేనాయె. రైళ్లన్ని సిపాయిలతోనే నిండిపాయె. యుద్ధం అయినంక పోదాం అంటడు నా కొడుకు. యుద్ధం అయ్యెదాక నేనుంటనా?" నా మొహంలోకి చూసింది. "దీన్ని ముట్టుకుంటె పోతదా నాయనా, దోషం?"

ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు నాది. ఒక సందు చూపించాను.

"ఔనమ్మా, పోతది. కంచి బల్లులకు ఇది తాత."

ఆమె వంగి, రాకాసి బల్లి కుడికాలును రెండు చేతులా తాకి కళ్లకద్దుకుంది. లేచేసరికి మొహం విప్పారింది. పదిహేను రోజుల నుంచి బుక్క లోపలికి పోలేదని, ఇవ్వాళ తింటానని చెప్పి వెళ్లిపోయింది. నాకు నేనే ముద్దొచ్చాను. విద్యావతికి మాత్రం చెప్పలేదు.

మర్నాడు పొద్దున మేము వెళ్లేసరికి మా స్టాలు ముందు వరుస. వరుస అంటే మామూలు వరుస కాదు, అత్తరు దుకాణం దాటి, గుర్రాల బొమ్మల రంగులరాట్నం చుట్టూ తిరిగి పోయింది. అందరూ ఆడవాళ్లే. నాంపల్లిలోనూ సుల్తాన్ బజార్‌లోనూ ఇంతమంది మీద ఇన్ని బల్లులు పడుతున్నాయని నాకు అప్పటిదాకా తెలియదు. విద్యావతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్లలో నీళ్లు.

"చూసిన్రా! సైన్సు కోసం ఎంతమంది వచ్చిన్రో చూసిన్రా!"

భూమి చీలితే బాగుండునని విన్నాను గానీ, నిజంగా కోరుకున్నది అప్పుడే. ఆమె కర్ర తీసుకుని గొంతు సవరించుకుంది. వరుసలో మొదటామె పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని వినయంగా అడిగింది.

"కుడికాలు ముట్టుకోవాల్నా అమ్మా, ఎడమకాలా? నా భుజం మీద పడ్డది."

విద్యావతి ఆమెను చూసింది. కొబ్బరికాయను చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి నన్ను చూసింది. నేను ఉన్నదంతా ఒప్పుకున్నాను.

"భయం పోగొడదామని నేను చేస్తె, మీరు దాని కాళ్లు మొక్కిస్తున్రు" అంది. గొంతు పెంచలేదు, అదే నాకు భయం.

"జర నా మాట విను. ఆఖరు దినం దాక ఊకో. వెంకటనర్సయ్య గారు వస్తరు, జనాన్ని చూస్తరు, పీరియడ్లు ఉంటయి. నిజం చెప్తె అందరు పోతరు. మూడేండ్ల కష్టం మట్టిల కలుస్తది."

అది ఆమెకు తెలియక కాదు. కర్ర పక్కన పెట్టింది. తర్వాత స్టూలు జరుపుకుని ఎక్కింది.

"అమ్మలారా, ఇది వెదురు, గోనె, చింతగింజల జిగురు. మా వాకిట్ల చేసినం. దీన్ని ముట్టుకుంటె ఏ దోషం పోదు. పోతదని ఒకరు అబద్ధం చెప్పిన్రు. చెప్పింది మా ఇంటాయనే."

వంద తలలు నా వైపు తిరిగాయి. నేను గాజుల దుకాణం వైపు చూస్తూ నిలబడ్డాను. వరుస కదిలింది, సణుగుడు మొదలైంది. చూస్తుండగానే సగం మంది కొబ్బరికాయలతో సహా వెళ్లిపోయారు. విద్యావతి స్టూలు మీద అట్లాగే నిలబడి ఉంది, పెదవి కొరుక్కుంటూ. పోతున్నవాళ్లలో ఒకామె ఆగి వెనక్కి తిరిగింది.

"సరే గని పంతులమ్మా, చేతులు గింతే ఉన్నయేంది దీనికి?"

ఆ ఒక్క ప్రశ్నతో గండి పడింది. విద్యావతి చెప్పడం మొదలుపెట్టింది. పళ్లు ఎంత, తిండి ఎంత, గుడ్లు ఎంత. ఎందుకు చచ్చాయన్న చోటికి వచ్చేసరికి ఎవరి కారణం వాళ్లు చెప్పారు. ఆకలితో అని ఒకరు, దిష్టి తగిలి అని ఒకరు, కోడళ్లు అన్నం పెట్టక అని ఒక పెద్దామె. విద్యావతి అన్నీ విన్నది. దిష్టినీ కోడళ్లనూ పక్కన పెట్టి, మిగతా ఒక్కోదాన్ని తీసుకుని "అయితే కావచ్చు, మరి దీనికి ఏమంటరు?" అని వాళ్లనే అడిగింది. చివర మాత్రం ఒకటే మాట, "ఇప్పటికి ఎవరికీ తెల్వదు."

మధ్యాహ్నానికి నిన్నటి ముసలామె మళ్లీ వచ్చింది. పేరు లక్ష్మీనర్సమ్మ అని అప్పుడు తెలిసింది. సంగతంతా విని మొహం వాడిపోయింది. అందరూ పోయేదాకా కూర్చుని విద్యావతి దగ్గరికి వచ్చింది.

"అయితె నేను సస్తనా బిడ్డా?"

"అందరం పోతం అమ్మా. ఎప్పుడన్నది నాకు తెల్వదు. బల్లికి అసలే తెల్వదు."

ఆమె ఏడుస్తుందనుకున్నాను. నోరంతా తెరిచి నవ్వింది. నోట్లో నాలుగు పళ్లు కూడా లేవు. మర్నాడు పొద్దున్నే వచ్చి స్టూలు వేసుకుని కూర్చుంది. ఆ తర్వాత రోజూ వచ్చింది. వసుమతి కొత్తవాళ్లకు చెబుతూ ఏదైనా మరిచిపోతే ఆమే అందించేది.

జనం తగ్గలేదు. వినేవాళ్లు వింటున్నారు. కాకపోతే మనవాళ్లు ఏ దారినీ పూర్తిగా వదులుకోరు కదా. విన్న తర్వాత వెళ్తూ వెళ్తూ "ముట్టుకుంటె పోయేదేమున్నది" అని కుడికాలును తాకి మరీ పోయేవాళ్లు. రోజూ జాజు, కాగితం, గోనె అరిగి అరిగి చివరికి వెదురు బయటపడింది. రాకాసి బల్లి ఒంటికాలి మీద బతుకుతున్నట్టు ఉండేది. విద్యావతి గొంతు కూడా అట్లాగే అరిగింది. ఆఖరు రోజు పొద్దున నోరు తెరిస్తే గాలి వచ్చింది, మాట రాలేదు.

సరిగ్గా ఆ రోజే వెంకటనర్సయ్య గారు ఇద్దరు కమిటీ వాళ్లతో వచ్చారు. జనాన్ని చూసి ముందు సంతోషించారు. దగ్గరికి వచ్చి అరిగిన కాలు మీద కుంకుమ చూశారు. మొహం ఎర్రబడింది.

"పంతులమ్మా, సైన్సు పెడ్తనని జాతర పెట్టిన్రా?"

విద్యావతి గొంతు చూపించి చెయ్యి ఊపింది. ఆయన నా వైపు తిరిగాడు.

"రామచందర్ గారూ, అయితె మీరే చెప్పుండ్రి. ఒక్కటే అడుగుత. గింత బలమైన జంతువు. దీనికి ఎదురెవరు లేరు. మరి ఎందుకు సచ్చిపోయింది? సరైన జవాబు చెప్తె పీరియడ్లు ఉంటయి."

నా దగ్గర జవాబులు ఒకటి కాదు, చలి ఉంది, మేత ఉంది, గుడ్లు ఉన్నాయి, మెదడు ఉంది. చలి చాలా మంచి జవాబు. చెబితే ఆయన మొహం విప్పారుతుంది, కథ కంచికి, మేము ఇంటికి. నాలుక కొస దాకా వచ్చింది. విద్యావతి మాట లేని నోరు మూసుకుని నన్నే చూస్తోంది. ఆ ఉత్తరం దేవుడి పటం వెనక ఎందుకు పెట్టిందో నాకు అప్పుడు అర్థమైంది.

"తెల్వదండి" అన్నాను.

"ఏందీ?"

"తెల్వదు. ఎవరికీ తెల్వదట. నాకైతె అసలే తెల్వదు."

కమిటీ వాళ్లు మొహాలు చూసుకున్నారు. "తెల్వదని చెప్పెతందుకు గిన్ని దినాలు దుకాణం పెట్టిన్రా? ఇగ అయిపాయె. రేపే మిషన్ పంపిస్త" అని వెంకటనర్సయ్య గారు వెనక్కి తిరిగారు.

"అరేయ్ నర్సయ్యా, జర ఆగు" అంది స్టూలు మీద నుంచి లక్ష్మీనర్సమ్మ.

ఆయన కాళ్లు నేలకు అతుక్కుపోయాయి. "అమ్మా! నువ్వు గీడున్నవేంది? గుడికి పోతున్న అంటివి?"

"పొద్దుగాల గుడికి, తర్వాత గీడికి. దినాం వస్తున్న."

ఆమె ఆయన తల్లి అని నాకు తెలియదు. తెలిసి ఉంటే ఏం చేసేవాణ్ణో ఆలోచించడం కూడా నాకిష్టం లేదు. ఆమె లేచి రాకాసి బల్లి పక్కన నిలబడింది.

"సలి పెట్టి సచ్చినయంటరు. మరి అప్పటి మొసలి ఎట్ల బతికిందిరా? చిన్న జంతువులు గుడ్లు తిన్నయంటరు. తాబేలు గుడ్లు కూడ తిన్నయి గద, అది లేదా ఇప్పుడు? మెదడు చిన్నదంటరు. గంత చిన్న మెదడుతోనే కోట్ల ఏండ్లు ఏలింది గద. ఒక్కోదానికి ఒక్కో తిరకాసు ఉన్నది. అందుకే ఆ పిల్ల తెల్వదంటున్నది. నీకు తెలుసా? తెలిస్తె చెప్పు."

వెంకటనర్సయ్య గారు కమిటీ వాళ్ల వైపు చూశారు, వాళ్లు అత్తరు దుకాణం వైపు చూశారు.

"నా నెత్తి మీద బల్లి పడ్డప్పుడు అందరికి తెలుసురా. అయ్యగారికి నెల తెలుసు. జ్యోతిష్యునికి నలభై దినాలు తెలుసు. నీకు నూరేండ్లు తెలుసు. ఇగో, ఈయనకు దీని కాలు ముట్టుకుంటె పోతదని తెలుసు. గందరికి తెలిసె నాకు బుక్క దిగలె. ఈ పిల్ల ఒక్కతే తెల్వదన్నది. ఆ దినం సంది రెండు పూటల తింటున్న. నువ్వు చూస్తలేవా?"

"చూస్తున్ననే" అన్నాడాయన చిన్నగా.

"గంత పెద్దది పోయింది, మనింటి దూలం మీది బల్లి మిగిలింది. గంత ఎత్తుల నుంచి పడ్డది, పాపం దానికి నడుమిరిగిందో ఏమో. ఒక్కరన్న దాన్ని అడిగిన్రా?"

చుట్టూ ఉన్న ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. వెంకటనర్సయ్య గారు నవ్వు ఆపుకోవడానికి రాకాసి బల్లి వైపు చూశారు. పళ్లు చూశారు, తోక చూశారు. చూస్తూ చూస్తూ ఒకచోట ఆగిపోయారు.

"గని చేతులు గింతే ఉన్నయేంది?" అన్నారు.

విద్యావతి లేని గొంతుతో ఏదో చెప్పబోయింది. వసుమతి ముందుకొచ్చి, "అది కూడ సరిగ్గ తెల్వదండి. గని కొందరేమంటరంటె" అని మొదలుపెట్టింది. ఆయన కమిటీ వాళ్లతో సహా అరగంట నిలబడి విన్నారు. పోయేటప్పుడు తల్లిని చెయ్యి పట్టుకుని నడిపిస్తూ, "పీరియడ్లు ఉండనీయుండ్రి పంతులమ్మా. మిషన్ సంగతి మల్ల చూద్దాం" అన్నారు. నాలుగడుగులు వేశాక, ఎవరూ చూడటం లేదనుకుని, వెనక్కి వచ్చి కుడికాలును వేలితో తాకి పోయారు. నేను చూశాను. విద్యావతి కూడా చూసింది.

సోమవారం నేను కౌంటరులో కూర్చున్నాను. ఒకాయన వచ్చి మద్రాసు ఉత్తరం ఎప్పుడొస్తుందని అడిగాడు. ఎల్లుండి అన్న మాట పెదవి దాకా వచ్చింది. మింగాను.

"తెల్వదండి."

"పోస్టాఫీసుల కూసొని తెల్వదంటవేందయ్యా?"

"నిజంగనే తెల్వదు. రైలు వస్తె నేనే చెప్పి పంపిస్త. మీ ఇల్లెక్కడ?"

ఆయన నన్ను వింతగా చూసి, ఇల్లు చెప్పి, గొణుక్కుంటూ వెళ్లిపోయాడు. మొహం విప్పారలేదు. నాకు ఒళ్లు తేలికైంది. సాయంత్రం ఇంటికి వచ్చి విద్యావతికి ఈ సంగతి చెప్పాను. ఆమె గొంతు ఇంకా రాలేదు. చప్పుడు లేకుండా చాలాసేపు నవ్వింది, తర్వాత పెదవులు కదుపుతూ పొయ్యి దగ్గరికి వెళ్లింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు పడింది. తెల్లారితే సైన్సు పీరియడ్ ఉంది మరి.